మంత్రాలయం వరద రోజు ఏ ఫైల్లో ఉంది?

వర్షపాతం, నదీ ప్రవాహాల లెక్కలను ప్రజలకు అందించే కేంద్ర, రాష్ట్ర శాఖల గణాంక అధికారులకు బహిరంగ లేఖ



శాస్త్రీయ గణనలో డేటా ఒక్క ఫైలుగా రావడం అరుదు. వర్షపాతం ఏడాదికొక ఫైలు, ఉపగ్రహ అంచనాలు అరగంటకొక ఫైలు, నది మట్టం కేంద్రానికొక ఫైలు. వీటన్నిటినీ కలిపి ఒకే పట్టికగా చదవడం సాఫ్ట్‌వేర్ పని. ఆ పని చెడినప్పుడు అందరూ ముందు ప్రోగ్రాంనే అనుమానిస్తారు. తీరా చూస్తే తప్పు చాలాసార్లు ఫైళ్ల మధ్య ఉంటుంది. విడివిడిగా తెరిస్తే ప్రతి ఫైలూ సవ్యంగానే కనిపిస్తుంది, కలిపితే లెక్క తప్పుతుంది.

పశ్చిమ కర్నూలుకు ఈ విషయం అక్కర్లేని సాంకేతిక గొడవ కాదు. 2009 సెప్టెంబరు చివర మొదలైన వానలకు అక్టోబరు మొదటి రోజుల్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం మఠంతో సహా మునిగింది. అక్టోబరు 2న కర్నూలు నగరాన్ని తుంగభద్ర, హంద్రీ రెండూ ముంచెత్తాయి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వానలు తక్కువ పడే నేల. ఇక్కడి వరదకు కారణం వెతకాలంటే ఇక్కడి వాన ఒక్కటే చూస్తే సరిపోదు, నది ఎగువన కర్ణాటకలో కురిసిందీ చూడాలి. అంటే భారత వాతావరణ శాఖ దేశాన్ని గడులుగా విభజించి ఇచ్చే వర్షపాతం, కేంద్ర జల సంఘం మంత్రాలయం కేంద్రంలో కొలిచిన నది మట్టం, తుంగభద్ర జలాశయం లెక్క, రాష్ట్రం దగ్గరున్న మండలాల వర్షమాపకాల లెక్క, కర్ణాటకలో తాలూకా కిందుండే హోబళీల లెక్క అన్నీ ఒకచోటికి రావాలి. ఐదు చోట్ల నుంచి వచ్చే ఫైళ్లకు ఐదు అలవాట్లుంటాయి.

వచ్చే తప్పులు రెండు రకాలు. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి ఎర్రక్షరాలతో కేకేసేది ఒక రకం. ఏ కేకా లేకుండా జవాబు చేతిలో పెట్టేది రెండో రకం, ఆ జవాబు తప్పు. విద్యార్థులు మొదటి రకానికి భయపడతారు. నిజానికి నష్టం చేసేది రెండోది.

మొదటి రకంలో అన్నిటికన్నా మామూలుది, ఫైలు తెరుచుకోకపోవడం. శాస్త్రీయ డేటాను దాచే నెట్‌సీడీఎఫ్ ఫార్మాట్ ఫైలును తెరవబోతే ‘గుర్తు తెలియని ఫార్మాట్’ అని వస్తుంది. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి ముందు ఆ ఫైలు పరిమాణం చూడాలి. వందల ఫైళ్లు వరుసగా డౌన్‌లోడ్ చేసేటప్పుడు మధ్యలో లాగిన్ గడువు తీరితే, వర్షపాతానికి బదులు లాగిన్ పేజీయే ఆ పేరుతో సేవ్ అవుతుంది. మిగతావన్నీ మెగాబైట్లలో ఉంటే అది కొన్ని కిలోబైట్లే ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సంగతి బయటపడుతుంది. నెట్ మధ్యలో తెగిపోతే సగం ఫైలు మిగులుతుంది, అది ఇంకొంచెం మోసకారి. కొన్నిసార్లు తెరుచుకుంటుంది, చివరి నెలల దగ్గరికి వెళ్లాకే పడిపోతుంది.

వాతావరణ శాఖ పుణె కార్యాలయం ఇచ్చే గడుల వర్షపాతం ఈ పరీక్షకు చక్కగా లొంగుతుంది. 1901 నుంచి ఏడాదికొక ఫైలు. గడి పరిమాణం పావు డిగ్రీ. రేఖాంశాలు 66.5 నుంచి 100 దాకా 135, అక్షాంశాలు 6.5 నుంచి 38.5 దాకా 129. ఒక్కో విలువకు 4 బైట్లు. కనుక బైనరీ ఫైల్లో ఒక రోజు 69,660 బైట్లు. ఫైలు పరిమాణాన్ని ఈ అంకెతో భాగిస్తే రోజుల సంఖ్య వస్తుంది. 2009 ఫైలు 2,54,25,900 బైట్లుంటే 365 రోజులు. 2008 ఫైలు 2,54,95,560 ఉంటే 366. శేషం మిగిలిందంటే ఫైలు తెగిందన్నమాట. ఒక్క భాగహారంతో తేలిపోయే ఈ పరీక్షను వదిలేసి ఎర్రర్ మెసేజీలు వెతుక్కుంటూ పూటలు పోగొట్టుకోనక్కర్లేదు.

తర్వాతది సంఖ్యాభారం. ఉపగ్రహాల ఆధారంగా అంచనా వేసే ఐమెర్గ్ వర్షపాతం అరగంటకొక ఫైలుగా వస్తుంది. రోజుకు 48, ఏడాదికి 17,520. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్ల హద్దు మామూలుగా 1,024. అన్నీ ఒక్కసారిగా తెరవబోతే ‘మరీ ఎక్కువ ఫైళ్లు తెరిచారు’ అని ఆగిపోతుంది. హద్దు పెంచుకోవచ్చు గానీ, నెలనెలా కలిపి చిన్న ఫైళ్లు చేసుకుని వాటిని చదవడం మేలు. కంప్యూటర్ మెమరీ ఇబ్బందీ ఇలాంటిదే. 1901 నుంచి 2020 దాకా 120 ఏళ్ల గడుల వర్షపాతం దాదాపు 3 గిగాబైట్లు, లెక్క కోసం 8 బైట్ల సంఖ్యలుగా మార్చగానే 6. నాలుగు గిగాబైట్ల లాప్‌టాప్ అక్కడే కూలబడుతుంది. మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు మూడింటికీ కలిపి కావలసింది 15.5 నుంచి 16 అక్షాంశం, 77 నుంచి 77.75 రేఖాంశం మధ్య 12 గడులు మాత్రమే. ముందు ప్రతి ఫైలు నుంచి ఈ 12 గడులు కోసుకుని, ఆ తర్వాత కలిపితే 120 ఏళ్ల లెక్క రెండు మెగాబైట్లలో ఇముడుతుంది. పైథాన్‌లో ఎక్స్‌అరే ప్యాకేజీ వాడేవారికి, ఫైలు చదివీ చదవగానే కోసే పనిని ముందుగా అప్పగించే వీలు అనేక ఫైళ్లను కలిపి తెరిచే ఆదేశంలోనే ఉంది.

అసలు చిక్కు తేదీలది.

ఫైళ్ల పేర్లను కంప్యూటర్ అక్షర క్రమంలో పేరుస్తుంది. 1, 2, 10 అని పేర్లుంటే 1, 10, 2 అవుతాయి. పేరు రోజుతో మొదలైతే 01-10-2009, 02-10-2009 ముందు వచ్చి 30-09-2009 వెనక పడుతుంది. కొన్ని ప్రోగ్రాంలు ఫైళ్ల జాబితాను అసలు ఏ క్రమంలోనూ ఇవ్వవు. డిస్క్ మీద ఎలా దొరికితే అలా ఇస్తాయి. ఒక యంత్రంలో సరిగ్గా నడిచింది మరో యంత్రంలో తప్పడానికి చాలాసార్లు ఇదే కారణం. క్రమం పేరును బట్టి కాక, ఫైలు లోపలున్న కాలాన్ని బట్టి కుదరాలి.

లోపలున్న తేదీకీ తిప్పలు తప్పవు. మండల వర్షమాపకాల పట్టికలో వరద మూడు రోజులూ 30-09-2009, 01-10-2009, 02-10-2009 అని ఉన్నాయనుకుందాం. అమెరికా పద్ధతికి అలవాటుపడ్డ సాఫ్ట్‌వేర్ మొదటి అంకెను నెల అనుకుంటుంది. 30వ నెల లేదు కాబట్టి మొదటి తేదీని దారికి తెచ్చుకుని సెప్టెంబరు 30గానే చదువుతుంది. మిగతా రెండూ జనవరి 10, ఫిబ్రవరి 10 అయిపోతాయి. వరద మొదటి రోజు తన చోట ఉండి, అసలు రోజులు రెండూ చలికాలంలోకి వెళ్లిపోతాయి. పైథాన్‌లో పాండాస్ పాత వెర్షన్లు సరిగ్గా ఇలాగే, గమ్మున చదివేసేవి. 2023లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి మొదటి తేదీని చూసి పద్ధతి ఖాయం చేసుకుంటుంది, దానికి సరిపడని తేదీ ఎదురైతే ఆగిపోతుంది. ఇది మంచి మార్పే. అయినా ఒక ఫైలంతా నెలలో మొదటి 12 రోజుల తేదీలే ఉంటే అది కూడా మోసపోతుంది. ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేసిన ఫైలు కథ మరీ దారుణం. కొన్ని తేదీలు అంకెలుగా, కొన్ని అక్షరాలుగా నిలిచిపోతాయి. గడిలో ఎడమకు ఒదిగినవి కనిపిస్తే అవి తేదీలు కావు, అక్షరాలు.

ఏ తలకట్టూ (హెడర్) లేని బైనరీ ఫైళ్లను ఒకదానికొకటి అంటించి చదివేటప్పుడు లీపు సంవత్సరం దెబ్బ కొడుతుంది. 1901 నుంచి 2008 దాకా 27 లీపు సంవత్సరాలు. ఏడాదికి 365 రోజులని రాసిన ప్రోగ్రాం 2009 చేరేసరికి 27 రోజులు జారి ఉంటుంది. అక్టోబరు 2 నాటి వాన అక్టోబరు 29 కింద కనిపిస్తుంది. గ్రాఫు గీస్తే అందంగానే ఉంటుంది. వరద కార్తీక మాసానికి వెళ్లిందన్న సంగతి ఊరివాళ్లకు తప్ప ఎవరికీ తట్టదు. భవిష్యత్ వాతావరణ నమూనాల ఫైళ్లలో ఇంకో విచిత్రం ఉంది. వాటిలో కొన్నిటికి ఫిబ్రవరి 29 ఉండదు, కొన్నిటికి ప్రతి నెలకూ 30 రోజులే, అంటే ఏడాదికి 360. వీటిని మామూలు పంచాంగంతో కలపాలంటే ముందు ఏ కేలండరో తెలుసుకోవాలి. నెట్‌సీడీఎఫ్ తలకట్టులో అది రాసి ఉంటుంది.

తేదీ సరిగ్గా ఉన్నా రోజు సరిగ్గా ఉండకపోవచ్చు. వాతావరణ శాఖ లెక్కలో అక్టోబరు 2 వర్షపాతం అంటే, అక్టోబరు 1 ఉదయం ఎనిమిదిన్నర నుంచి 2 ఉదయం ఎనిమిదిన్నర దాకా కురిసింది. ఉపగ్రహ లెక్క అంతర్జాతీయ కాలమానంలో నడుస్తుంది. దాని అక్టోబరు 2 మన లెక్కన 2వ తేదీ ఉదయం ఐదున్నరకు మొదలై 3వ తేదీ ఉదయం ఐదున్నరకు ముగుస్తుంది. రెండింటి మీదా ఒకే తేదీ ఉన్నా, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది మూడు గంటలే. వాతావరణ శాఖ అక్టోబరు 2కు దాదాపు సరిపోయేది ఉపగ్రహ అక్టోబరు 1. తేదీని చూసి రెండు ఫైళ్లు కలిపి, ‘ఉపగ్రహం సరిగా అంచనా వేయలేదు’ అని తీర్పు చెప్పడం కన్నా పెద్ద అన్యాయం ఈ రంగంలో లేదు.

ఇక స్థలం. మంత్రాలయం సుమారు 15.94 అక్షాంశం, 77.43 రేఖాంశం మీద ఉంది. దగ్గరి గడి 16.0, 77.5. ఇందులో అనుమానం లేదు. ఆదోని అలా కాదు. పట్టణం అక్షాంశం 15.63 దగ్గర. 15.5కూ 15.75కూ నడిమధ్య గీత 15.625. అక్షాంశాన్ని రెండు దశాంశాలకు రాసినవారికి ఒక గడి, ఒక దశాంశానికి కుదించి 15.6 అని రాసినవారికి ఇంకో గడి వస్తుంది. ఒకే ఊరికి ఇద్దరు పరిశోధకుల వర్షపాతం తేడా వచ్చిందంటే ఇద్దరిలో ఒకరు తప్పనుకోనక్కర్లేదు. అక్షాంశాల వరస కూడా చూసుకోవాలి. వాతావరణ శాఖ ఫైళ్లు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతాయి. యూరప్ వాతావరణ అంచనాల కేంద్రం తయారుచేసే ఎరా-5 డేటా ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తుంది. 15 నుంచి 16 దాకా కోయమంటే రెండోదాంట్లో ఖాళీ ముక్క వస్తుంది, ఎర్రర్ రాదు. రేఖాంశాలను 0–360 నుంచి మార్చుకోవాలనే సలహా మాత్రం ప్రతి పాఠంలోనూ వినిపిస్తుంది. మన దేశానికి దానితో పని లేదు, 77 ఎలా రాసినా 77.

దశాంశాల విషయంలో ఇంకో మెలిక ఉంది. పావు డిగ్రీ అంకెలు కంప్యూటర్ ద్విసంఖ్యల్లో కచ్చితంగా ఇముడుతాయి. ఐమెర్గ్ గడి కేంద్రాలు 77.45 లాంటివి; అవి ఇమడవు. ఒక ఫైల్లో 4 బైట్లతోనూ మరో ఫైల్లో 8 బైట్లతోనూ రాస్తే రెండు 77.45లూ సమానం కావు. కలిపే ఆదేశం వాటిని రెండు వేర్వేరు రేఖాంశాలుగా పరిగణిస్తుంది. ఫలితంగా గడుల సంఖ్య దాదాపు రెట్టింపై, సగం దాకా ఖాళీగా మిగులుతుంది. కలిపాక గడులు ఎన్నున్నాయో లెక్కపెట్టడం అందుకే తప్పనిసరి. ఒక ఫైలుకు ఎన్నో, అన్నిటికీ అన్నే ఉండాలి. కచ్చితమైన సరిపోలికే కావాలని ఆదేశంలో చెబితే, తేడా ఉన్నప్పుడు ప్రోగ్రాం ఆగిపోయి చెబుతుంది.

విలువల దగ్గర మొదటి శత్రువు −999. వర్షపాత ఫైళ్లలో ‘కొలత లేదు’ అనడానికి ఈ అంకె వాడతారు. తలకట్టులో ఆ సంగతి రాసి ఉంటే ప్రోగ్రాం దాన్ని ఖాళీగా చూస్తుంది; ఒక్క ఏడాది ఫైల్లో రాయడం మరిచినా ఆ ఏడాది లెక్కంతా పాడవుతుంది. ఏడాది మొత్తం −3,64,635 అని వస్తే ఆశ్చర్యపోవద్దు, అది 365 సార్లు −999. ఇంత పెద్దది దొరికిపోతుంది. దొరకనిది, నెలలో ఒక్క రోజు కొలత తప్పిన మాపకం. చాలా మాపకాలను కలిపి తీసిన సగటు దానివల్ల కొద్దిగా తగ్గి, ఆ నెల కరువు నెలగా చలామణి అవుతుంది. గడుల ఉష్ణోగ్రత ఫైళ్లలో ‘లేదు’ గుర్తు 99.9. వర్షపాతానికి రాసిన ప్రోగ్రాంనే దానికి వాడితే కొలత లేని రోజున ఆదోని ఎండ 99.9 డిగ్రీలకు చేరుతుంది.

కుదించి దాచిన ఫైళ్ల సంగతి చాలామందికి తెలియదు. చోటు ఆదా కోసం ఎరా-5 పాత ఫైళ్లలో విలువలను −32,768 నుంచి 32,767 మధ్య చిన్న పూర్ణాంకాలుగా మార్చి, తిరిగి అసలు విలువ రావడానికి కావలసిన గుణకాన్ని, కలపవలసిన అంకెను తలకట్టులో రాస్తారు. ఆ రెండూ ఫైలు ఫైలుకూ మారతాయి, ఎందుకంటే ఆ ఫైల్లోని కనిష్ఠ, గరిష్ఠ విలువలను బట్టి వాటిని నిర్ణయిస్తారు. ఎక్స్‌అరే ఒక్కో ఫైలునూ దాని గుణకంతోనే సరిగా చదువుతుంది. కలిపిన దాన్ని తిరిగి సేవ్ చేసినప్పుడే అసలు ముప్పు. మొదటి ఫైలు గుణకాన్నే మొత్తానికీ వాడుతుంది. మొదటి ఫైలు వాన చినుకు లేని జనవరిదైతే దాని హద్దు చిన్నది, అందులో వరద రోజు ఇమడదు. పొంగిపోయిన విలువ అర్థం లేని అంకెగా, ఒక్కోసారి రుణ సంఖ్యగా తేలుతుంది. అంటే ఈ లోపం బలిగొనేది సరిగ్గా మనకు కావలసిన రోజునే. సేవ్ చేసే ముందు పాత గుణకాలను చెరిపేయడం, సేవ్ చేశాక మళ్లీ చదివి గరిష్ఠాన్ని పోల్చి చూడడం దీనికి మందు.

కొలమానాల తేడా ఎవరైనా పట్టగలరు, పట్టాలని అనుకుంటే. వాతావరణ శాఖ వర్షపాతం మిల్లీమీటర్లు, ఎరా-5ది మీటర్లు. జల సంఘం ప్రవాహం సెకనుకు ఘనపు మీటర్లలో, సాగునీటి శాఖ క్యూసెక్కుల్లో. సెకనుకు ఒక ఘనపు మీటరు అంటే 35.31 క్యూసెక్కులు. తుంగభద్ర జలాశయం పూర్తి మట్టాన్ని 1,633 అడుగులని ఒక పట్టిక, 497.74 మీటర్లని మరో పట్టిక చెబుతాయి.

పేర్లు, హద్దులు ఇక్కడివారికే తెలిసే సమస్య. ఎమ్మిగనూరు ఒక ఫైల్లో ఎ అక్షరంతో, మరోదాంట్లో యె అక్షరంతో మొదలవుతుంది. ఇంగ్లిష్ రాతలో ఆదోని, మంత్రాలయంలకూ రెండు మూడేసి రూపాలున్నాయి. పేరు చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి చాలు, కలిపే ఆదేశం ఆ మండలాన్ని వదిలేయడానికి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు యూనికోడ్‌లో చదివితే గజిబిజి అక్షరాలవుతాయి. వీటికి మించింది 2022 ఏప్రిల్ 4. ఆ రోజు కర్నూలు నుంచి నంద్యాల జిల్లా విడిపోయింది. దానికి ముందు ఫైళ్లలో ‘కర్నూలు’ అంటే నల్లమల దాకా ఉన్న జిల్లా. తర్వాత పశ్చిమ భాగం మాత్రమే. రెండింటినీ ఒకే పేరు కింద కలిపి గీస్తే జిల్లా వర్షపాతం, పంట విస్తీర్ణం 2022లో ఒక్కసారి మారిపోయినట్టు కనిపిస్తుంది. మారింది హద్దు. మండల స్థాయి నుంచి తిరిగి కూడితేనే ఆ వరుస నిలబడుతుంది.

తప్పు వెతికే పద్ధతి మాత్రం సులువే. ముందు ఒక్క ఫైలు తెరిచి తలకట్టు చదవాలి. తర్వాత రెండు ఫైళ్లు కలపాలి. అన్నీ కలిపితేనే తప్పు వస్తుంటే జాబితాను సగానికి చీల్చి, ఏ సగంలో ఉందో చూసి, దాన్ని మళ్లీ చీల్చాలి. 120 ఫైళ్లలో చెడ్డదొక్కటే ఉంటే ఏడుసార్లలో దొరుకుతుంది. అన్ని ఫైళ్ల తలకట్టులనూ పక్కపక్కన పెట్టి వేరుగా ఉన్న వరుసను చూడడం ఇంకా త్వరగా తేలుస్తుంది. ఏ కేకా లేని తప్పులకు ఒకటే పరీక్ష ఉంది: అందరికీ తెలిసిన ఒక రోజును అడగడం. పశ్చిమ కర్నూలు డేటాకు ఆ రోజులు 2009 సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 2 దాకా. కలిపిన పట్టికలో ఆ రోజుల వాన, నది మట్టం ఎత్తుగా లేకపోతే మిగతా వందేళ్ల లెక్కను నమ్మడానికి వీల్లేదు.

ఈ శ్రమలో చాలా భాగం వినియోగదారుడి దాకా రాకుండానే తీరగలదు. ప్రచురించే శాఖలు తేదీని 2009-10-02 అని ఏడాదితో మొదలుపెట్టి రాస్తే, పేర్ల క్రమం, తేదీల గందరగోళం రెండూ పోతాయి. కొలమానం, ‘లేదు’ గుర్తు, రోజు ఏ గంటకు మొదలై ఏ గంటకు ముగుస్తుందన్నది ప్రతి ఫైలు తలకట్టులోనూ ఉండాలి, మొదటి ఏడాది ఫైల్లో మాత్రమే కాదు. మండలం పేరు పక్కన కేంద్ర పంచాయతీరాజ్ శాఖ స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని కోడ్ వేయాలి. కర్ణాటక హోబళీల పక్కన తాలూకా కోడ్ అయినా ఉండాలి. జిల్లాల హద్దు మారిన తేదీ పట్టికలోనే కనిపించాలి. పాత ఫైలును సవరించినప్పుడు పాతది తీసేసి అదే పేరుతో కొత్తది పెట్టకుండా, ఏది ఎప్పుడు ఎందుకు మారిందో ఒక పేజీలో రాయాలి. ప్రతి ఫైలు పక్కన దాని బైట్ల సంఖ్య, ఒక సరిచూపు విలువ ఇవ్వాలి. ఆ ఏడాది 16.0, 77.5 గడిలో మొత్తం వర్షపాతం ఇంత అని ఒక్క అంకె చాలు. మంత్రాలయంలో కూర్చున్న డిగ్రీ విద్యార్థి కూడా తాను సరిగ్గా చదివాడో లేదో నిమిషంలో తేల్చుకోగలడు. వీటిలో దేనికీ కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే వార్షిక ఫైలుతోనే మొదలుపెట్టాలని విజ్ఞప్తి.